ఖాళీగా ఉండాల్సిన చోట గీత

పోయిన వారం మీరు నన్ను మా ల్యాబ్ స్టోర్‌రూమ్‌లో, దుమ్ము నేల మీద కూర్చోబెట్టి వెళ్ళిపోయారు. చేతిలో పాత ఎక్స్‌రే ఫిల్మ్. ఇంకా అక్కడే ఉన్నాను. మధ్యలో చేరినవాళ్ళు ఉంటారు కాబట్టి ముందు సంగతి నాలుగు ముక్కల్లో చెప్పి కదులుతాను.

నా పేరు భార్గవి. సొంతూరు ప్రొద్దుటూరు దగ్గర. నాన్న రామాంజనేయులు రైల్వేలో పనిచేస్తాడు, మెట్టుగూడ క్వార్టర్స్‌లో ఉంటాం. అయిదేళ్ళుగా యూనివర్సిటీలో కొండలరావు సార్ దగ్గర పీహెచ్‌డీ చేస్తున్నాను. మన ఒంట్లో కణాలు ఒకదాన్నొకటి వదలకుండా పట్టుకుని ఉండాలంటే ఈ-క్యాడ్‌హెరిన్ అనే ప్రోటీన్ కావాలి. ల్యాబ్‌లో మేం ఈ-క్యాడ్ అనేస్తాం. కాన్సర్ కణం ఉన్నచోటు విడిచి ఊరేగడానికి బయల్దేరేది చాలాసార్లు ఆ పట్టు సడలినప్పుడే. ఒక రకం కొవ్వు ఎక్కువైతే రొమ్ము కాన్సర్ కణాల్లో ఈ-క్యాడ్ తగ్గిపోతుందని నా థీసిస్. నా అయిదేళ్ళూ ఆ ఒక్క మాట మీదే నిలబడి ఉన్నాయి.

ప్రోటీన్ కంటికి కనబడదు. దాన్ని పట్టివ్వడానికి యాంటీబాడీ కావాలి. కంపెనీవాళ్ళు కుందేలు రక్తం నుంచి తీసి, బొట్లు బొట్లుగా అమ్ముతారు. వేల ప్రోటీన్లలో అది తనకు కావలసిన ఒక్కదాన్నే పట్టుకోవాలి. పట్టుకున్న చోట ఫిల్మ్ మీద నల్ల గీత పడుతుంది. గీత లావుగా ఉంటే ప్రోటీన్ ఎక్కువ, పలచబడితే తక్కువ. నా థీసిస్ నిండా ఉన్నవి ఈ గీతలే.

కిందటి నెల కమిటీలో బయటినుంచి వచ్చిన మేడం ఒకరు అడిగారు: "ఈ యాంటీబాడీ పట్టుకునేది ఈ-క్యాడ్‌నే అని ఏమిటి నమ్మకం? ఈ-క్యాడ్ జీన్ తీసేసిన కణాలతో ఒక్కసారి చేసి చూపించు." న్యాయమైన మాట. అసలు ప్రోటీనే లేని కణాల్లో గీత పడకూడదు కదా. తార్నాక అవతలి పరిశోధన సంస్థలో ఉన్న రత్నాకర్ ఆ కణాలు ఇచ్చాడు. మూడుసార్లు చేశాను. మూడుసార్లూ గీత పడింది, నిక్షేపంగా, లావుగా. నా చేతిలోనే ఏదో తప్పుందనుకుని రత్నాకర్‌కి ఫోన్ చేస్తే, "మీ ల్యాబ్‌కి ఈ కణాలు ముందుగాల ఒకసారి ఇచ్చినం కదా, 2021ల. రిజిస్టర్‌ల రాసి ఉన్నది" అన్నాడు. ఎవరు తెచ్చారో చూద్దామని పాత అల్మారా తిరగేస్తే ఈ ఫిల్మ్ దొరికింది.

ఫిల్మ్ మీద రెండు భాగాలు. ఎడమవైపు "పాత లాట్", కుడివైపు "కొత్త లాట్" అని రాసి ఉంది. ఒక కుందేలు నుంచి తీసింది అయిపోతే కంపెనీ ఇంకో కుందేలు నుంచి తీస్తుంది, అది కొత్త లాట్. కొత్త లాట్ వచ్చినప్పుడల్లా పాతదాని పక్కన పెట్టి పరీక్షించడం మా ల్యాబ్‌లో సీనియర్ల పని. పాత లాట్ కింద, జీన్ తీసేసిన కణాల దగ్గర ఏమీ లేదు. కొత్త లాట్ కింద, అదే చోట, నల్లటి గీత. మూల మీద తేదీ: 7-1-2021. ఏడు అంకెకు నడుము దగ్గర అడ్డగీత. అలా రాసే మనిషి మా ల్యాబ్‌లో ఒక్కతే, నా సీనియర్ సుధామయి అక్క.

జనవరి పదకొండున, అంటే సరిగ్గా నాలుగు రోజులకు, అక్క ఆ కొత్త లాట్ ట్యూబులు నా చేతిలో పెట్టింది. "ఇదిగో, ఇవి నీవి. జాగ్రత్తగా వాడుకో బంగారం" అంది. ఆ బంగారం అన్న మాట స్టోర్‌రూమ్‌లో కూర్చుని గుర్తు చేసుకుంటే ఒళ్ళు మండిపోయింది.

నాకు ఫిల్మ్ దొరికిన రోజు శనివారం. సోమవారం మూడింటికి నా ప్రీ-సబ్మిషన్ సెమినార్. నెలాఖరుతో నా రిజిస్ట్రేషన్ గడువు అయిపోతుంది. రెండుసార్లు పొడిగించారు, మూడోసారి ఇవ్వరు. సోమవారం తప్పితే థీసిస్ లేదు. నాన్న అప్పటికే క్వార్టర్స్‌లో అందరికీ, ఉగాది నాటికి మా పాప డాక్టర్ భార్గవి అని చెప్పేసుకున్నాడు.

ఫిల్మ్‌ని రెండు అట్టల మధ్య పెట్టి బ్యాగులో దోపుకుని, ఆటో ఎక్కకుండా నడుచుకుంటూ తార్నాక వెళ్ళాను. ఆటోలో కూర్చుంటే ఏడ్చేస్తానని భయం. నడిస్తే కోపమన్నా నిలబడుతుంది.

అక్క వాళ్ళ ఫ్లాటు మూడో అంతస్తు. ఎదురుగా కోచింగ్ సెంటర్. సాయంత్రం అయిదైతే చాలు, మైకులో కెమిస్ట్రీ సార్ గొంతు వీధంతా వినిపిస్తుంది. తలుపు తీసింది అక్క వాళ్ళమ్మ కమలాదేవి గారు.

"ఏమ్మా భార్గవీ, ఇలా ఎండిపోయావేంటి? సోమవారం సెమినారట కదా, సుధ చెప్పింది. కూర్చో కూర్చో, దిబ్బరొట్టె వేస్తున్నాను, వేడివేడిగా తిందువుగాని."

"వద్దాంటీ, ఆకలిగా లేదు."

"అదేం మాట? నా ఇంటికొచ్చి ఆకలి లేదంటావా? నీ గురించి ఇది చెప్పని రోజు లేదు తల్లీ. ఆ పిల్లకి పైపెట్ పట్టుకోవడం దగ్గర్నుంచి నేనే నేర్పానమ్మా, నాకంటే పైకొస్తుంది చూడు అంటుంది. తోడబుట్టినవాళ్ళు కూడా ఇంత ఇదిగా చూసుకోరు."

ఆమె మీద కోపం తెచ్చుకుందామన్నా రాలేదు. నిజంగానే అక్క నాకు అన్నీ నేర్పింది. ప్రోటీన్లను విడదీసే జెల్ పోసేటప్పుడు బుడగ రాకుండా ఎలా పొయ్యాలి, వాడిన యాంటీబాడీని పారబొయ్యకుండా ట్యూబులోకి తిరిగి తీసుకుని, ఎన్నోసారి వాడామో పైన గీతలు ఎలా పెట్టుకోవాలి, సార్‌కి కోపం వచ్చినప్పుడు ఎంతసేపు కనబడకుండా ఉండాలి, అన్నీ. నాకు డెంగ్యూ వస్తే వారం రోజులు నా కణాలకు ఆమే తిండి పెట్టింది. ఇప్పుడు మా డిపార్ట్‌మెంట్‌లోనే కాంట్రాక్ట్ లెక్చరర్. పర్మనెంట్ పోస్టుకు బుధవారం ఇంటర్వ్యూ.

అక్క లోపలి గదిలోంచి వచ్చింది. జుట్టు ముడేసుకుని, చేతిలో ఇంటర్వ్యూ ఫైలు. నా మొహం చూసి, "బాల్కనీలోకి రా" అంది.

బాల్కనీ తలుపు దగ్గరగా వేసి, ఫిల్మ్ తీసి ఇచ్చాను. అలవాటు కొద్దీ ఎండకు ఎత్తి పట్టుకుంది. చెయ్యి అలాగే ఉండిపోయింది.

"ఎక్కడ దొరికింది?"

ఏమిటిది అని అడగలేదు. ఎవరు చేశారు అని అడగలేదు. ఎక్కడ దొరికింది అని అడిగింది. దారంతా ఒక పిచ్చి ఆశ పెట్టుకుని వచ్చాను, అక్క మర్చిపోయి ఉంటుందనో, ఫిల్మ్ ఇంకెవరిదో అయి ఉంటుందనో. అది అక్కడికక్కడే పోయింది.

"స్టోర్‌రూమ్‌లో. నువ్వు చేసిందే కదా?"

"ఊఁ."

"తెలిసే నాకిచ్చావా?"

"భార్గవీ, నేను చెప్పేది విను..."

కోపమొస్తే నాకు మా అమ్మ భాష వచ్చేస్తుంది. అక్కడ కూడా వచ్చేసింది. "ఏం వినాలక్కా? ఎందుకిట్ల చేస్తివి? నేనేం పాపం చేసినా నీకు?"

"మెల్లిగా మాట్లాడవే. అమ్మ వింటుంది."

"విననీ. అప్పట్నుంచి నిన్ను పొగుడుతా ఉంది, కాస్త నిజం గూడా విననీ."

అక్క కుర్చీలో కూలబడింది. ఎదుటి మైకులో కెమిస్ట్రీ సార్ ఏదో సమీకరణం మూడోసారి చెప్పిస్తున్నాడు, పిల్లలు కోరస్‌గా అంటున్నారు.

"అప్పుడు నా పేపర్ రివిజన్‌లో ఉంది" అంది అక్క. "రెండు నెలల్లో పంపకపోతే తీసేస్తామన్నారు. నా ఫెలోషిప్ మార్చితో ఆఖరు. పాత లాట్ మొత్తం నాలుగు ట్యూబులే మిగిలాయి. నా ప్రయోగాలకే మూడు కావాలి. కొత్తది చూస్తే ఇలా తగలడింది. సార్‌కి చెప్తే ఏమంటారో నీకు తెలుసు కదే. అందరూ ఆగండి, వెనక్కి పంపిద్దాం, మళ్ళీ తెప్పిద్దాం అనేవారు. కరోనా రోజులు, ఆర్నెల్లు పట్టేది. నా పని గోవిందా."

"అందుకని?"

"నువ్వప్పుడే చేరావు. నీకు టైముంది అనుకున్నాను. ముందు చెయ్యి అలవాటు కావడానికి దాంతో నేర్చుకుంటావు, నాలుగు నెలలయ్యాక చెప్పేసి కొత్తది తెప్పిద్దాం అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నానే."

"మరి చెప్పకపోతివే."

"మూడో నెలలోనే నీకు రిజల్ట్ వచ్చేసింది. గీత తగ్గిందని పరుగెత్తుకుంటూ వచ్చావు. గుర్తుందా? సార్ ఆ రోజు ల్యాబంతా స్వీట్లు పంచారు. ఎలా చెప్పను? ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

"ఆ రోజు నన్ను గట్టిగా వాటేసుకుంటివి నువ్వు."

అక్క తల దించుకుంది.

నాకు ఇంకో సంగతి అప్పుడు తట్టింది. మా ల్యాబ్‌లో కంపెనీ సీసాను అలాగే ఉంచం. మాటిమాటికీ కరిగించి గడ్డకట్టిస్తే పాడైపోతుందని, రాగానే చిన్న చిన్న ట్యూబుల్లో పంచి సీసా పారేస్తాం. ట్యూబు మూత మీద ఈ-క్యాడ్ అని రాసి, రంగు చుక్క అంటిస్తాం. లాట్ నంబరు రాసే అలవాటు మాలో ఎవరికీ లేదు. చోటు చాలదు, బద్ధకం కూడా. నాకు ఇచ్చినవన్నీ ఎర్ర చుక్క ట్యూబులు.

"పసుపు చుక్కవి ముట్టుకోవద్దంటివి. పాతవి, పాడైపోయినాయంటివి."

"అవే మంచివి" అంది అక్క, వినీ వినబడనట్టు.

నన్ను చూసి నవ్వుకోండి మీరు. ఒకసారి ఫ్రీజర్ శుభ్రం చేస్తుంటే పసుపు చుక్క ట్యూబు ఒకటి నా చేతిలోకి వచ్చింది. పాడైపోయిందాన్ని మంచివాటిలో కలిపేస్తానేమోనని భయపడి, పరాయివాళ్ళ వస్తువు ముట్టుకున్నట్టు గబుక్కున అక్క డబ్బాలో పెట్టేశాను. మంచిది తను ఉంచుకుని చెడ్డది నాకిచ్చి, పైగా మంచిదాన్నే చెడ్డది అని చెప్పింది. అయిదేళ్ళు నేను అది వేదంలా నమ్మాను. మోసపోయానన్న దుఃఖం కంటే, ఇంత తేలిగ్గా మోసపోయానే అన్న సిగ్గు ఎక్కువైంది. ఏడుపు ఆగలేదు.

కమలాదేవి గారు తలుపు తోసుకుని రెండు ప్లేట్లతో వచ్చారు. "అయ్యో, ఏమైందే? ఎందుకేడుస్తోంది పిల్ల?"

"సెమినార్ భయం అమ్మా" అంది అక్క, తడుముకోకుండా.

"పిచ్చి పిల్లా! మా సుధ పక్కనుండగా నీకు భయమేంటి?" అని నా తల నిమిరి, ప్లేటు నా ఒళ్ళో పెట్టి వెళ్ళారు. అంత తేలిగ్గా అబద్ధం ఆడిన అక్కను చూస్తూ ఉండిపోయాను. ఎన్నేళ్ళ అలవాటో అనిపించింది.

"ఇప్పుడేం చెయ్యమంటావు నన్ను?" అన్నాను మొహం తుడుచుకుని. "సోమవారం ఆ మేడం వస్తుంది. జీన్ తీసేసిన కణాల ఫిల్మ్ ఏదమ్మా అంటుంది. ఏం చూపించేది?"

అక్క ముందుకు వంగి నా చెయ్యి పట్టుకుంది. విడిపించుకున్నాను.

"పసుపు చుక్కది ఒక ట్యూబు మిగిలింది" అంది. "మైనస్ ఎనభై ఫ్రీజర్లో, నా డబ్బాలో. పది మైక్రోలీటర్లు. ఒక్కసారి చెయ్యడానికి సరిపోతుంది. జీన్ తీసేసిన కణాలు, నీ మామూలు కణాలు, కొవ్వు పెట్టినవి, అన్నీ ఒకే జెల్ మీద పెట్టుకో. రేపు మొదలుపెడితే సోమవారం మధ్యాహ్నానికి ఫిల్మ్ చేతికొస్తుంది. కొవ్వు పెట్టిన కణాల్లో గీత తగ్గితే ఇంకేం, నీ థీసిస్ నిలబడ్డట్టే. పాత ఫిల్ములు ఏ లాట్‌తో చేశావో ఎవరూ అడగరు."

"తగ్గకపోతే?"

"తగ్గుతుందే. తగ్గకుండా ఎక్కడికి పోతుంది?"

"నా శాంపిల్స్ ఎప్పుడన్నా ఈ మంచిదాంతో చేసి చూసినావా? నిజం చెప్పు."

"లేదు."

"నా మొహం చూసి చెప్పక్కా."

చూసింది. "చెయ్యలేదే. అమ్మ మీద ఒట్టు" అంది. లోపల కమలాదేవి గారు పెనం మీద నూనె వేస్తున్న చప్పుడు వినిపించింది.

"సార్‌కి తెలుసా ఇదంతా?"

"సార్‌కా? సార్‌కేం తెలుసు పాపం? ఆయన ఫ్రీజర్ తలుపు తీసి ఎన్నేళ్ళయిందో." తర్వాత గొంతు తగ్గించి, "భార్గవీ, ఒక్క మాట. బుధవారం దాకా ఆయనకి చెప్పకు. ఇంటర్వ్యూ బోర్డులో ఆయన ఉంటారు. నాలుగేళ్ళుగా కాంట్రాక్టు మీద బతుకుతున్నాను. నా కాళ్ళూ చేతులూ ఆడటం లేదు. బుధవారం అయ్యాక నేనే వచ్చి అన్నీ చెప్తాను."

"మళ్ళీ నీ పని అయ్యాకనా?" అన్నాను.

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. ఫిల్మ్ తీసుకుని బ్యాగులో పెట్టుకున్నాను. చెప్తానని గానీ చెప్పనని గానీ మాటివ్వలేదు. కమలాదేవి గారికి కనబడకుండా దిబ్బరొట్టె రుమాల్లో చుట్టుకుని బయటపడ్డాను. తినకుండా వదిలేసి ఆమెను బాధపెట్టడం ఇష్టం లేదు, ఆ ఇంట్లో తినడమూ ఇష్టం లేదు.

ఆదివారం పొద్దున్నే బయల్దేరుతుంటే మా అమ్మ జయమ్మ అడ్డం వచ్చింది.

"ఆదివారం గూడా ఏం పని మే నీకు?"

"ఒక ట్యూబు పని ఉందిమా."

"ఆ ట్యూబు ఏమన్నా పారిపోతాదా? తిని పో."

పారిపోయిందాన్ని పట్టుకోవడానికే ఆ ట్యూబు అని చెప్పబోయి, ఎందుకులే అని రెండు దోసెలు మింగి వచ్చాను. మా అమ్మకు చెబితే అక్క ఇంటికి వెళ్ళి జుట్టు పట్టుకుంటుంది. మా అమ్మ ఉత్తినే అనే రకం కాదు, చేసే రకం.

క్యాంపస్‌లో ఆదివారం చెట్ల కింద పోటీ పరీక్షల పిల్లలు తప్ప ఎవరూ ఉండరు. అక్క డబ్బా తెరిచాను. పసుపు చుక్క ట్యూబు ఓ మూల అరలో ఉంది, నా గోరంత. దాన్ని మంచులో పెట్టుకుని, నా థీసిస్ శాంపిల్స్ బయటికి తీశాను. ఒక్కటే ట్యూబు, పొరపాటు చేస్తే మళ్ళీ లేదు. జెల్ పోశాను, శాంపిల్స్ ఎక్కించాను, ప్రోటీన్లను కాగితం లాంటి పొర మీదికి దింపాను. సాయంత్రానికి ఆ పొరను పసుపు చుక్క యాంటీబాడీ కలిపిన నీళ్ళలో ముంచి కోల్డ్‌రూమ్‌లో పెట్టి ఇంటికి వెళ్ళాను. గుడి ముందు ఆగి దణ్ణం పెట్టుకున్నాను కూడా. నవ్వితే నవ్వండి, ఆ రోజు నాకు ఎవరో ఒకరి తోడు కావాలి.

సోమవారం కడగడాలూ, గీత వెలిగేలా చేసే రెండో యాంటీబాడీలో ముంచడాలూ అయ్యేసరికి రెండున్నర దాటింది. మా ఇమేజింగ్ మెషీన్ చెడిపోయి ఏడాదైంది, మాకింకా డార్క్‌రూమే గతి. ఎర్ర బల్బు కింద ఫిల్మ్‌ని మందు నీళ్ళలో వేసి చూస్తూ నిలబడ్డాను.

మొదటిది జీన్ తీసేసిన కణాల వరస. అర నిమిషమైంది. ఏమీ లేదు. ఒక నిమిషం. అప్పటికీ ఏమీ లేదు. ఖాళీ. అయిదేళ్ళలో మొదటిసారి ఖాళీగా ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంది. "అమ్మయ్య" అని పైకే అనేశాను. ఈ ట్యూబు నిజం చెబుతోంది.

రెండోది మామూలు కాన్సర్ కణాలు. గీత వచ్చింది, నల్లగా. రావాలి, వచ్చింది. తర్వాతి మూడూ కొవ్వు పెట్టినవి, తక్కువ, మధ్యరకం, ఎక్కువ. గీత పలచబడుతూ పోవాలి. మూడో వరసలో గీత వచ్చింది. నాలుగో దాంట్లో వచ్చింది. అయిదో దాంట్లోనూ వచ్చింది. అన్నీ ఒకే లావు, ఒకే నలుపు. కళ్ళు చికిలించి చూశాను, ఫిల్మ్ తిప్పి చూశాను, నీళ్ళలోంచి తీసి బల్బుకు దగ్గరగా పెట్టి చూశాను. తగ్గలేదు. ఈ-క్యాడ్ ఎక్కడికీ పోలేదు. ఎర్ర చుక్క ట్యూబు అయిదేళ్ళుగా పట్టుకున్నది ఇంకేదో ప్రోటీన్‌ని. తగ్గింది అదే. అదేమిటో నాకు తెలియదు. నా థీసిస్ మొత్తం తప్పు.

గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఏడుపు రాలేదు. తార్నాకలోనే అయిపోయినట్టుంది.

తలుపు మీద టకటకమని కొట్టారు. మా అటెండర్ వెంకటేశం. "మేడం, అందరొచ్చిన్రు. బయటి మేడం గూడ వచ్చింది. ప్రొజెక్టర్ పెట్టిన. సార్ పిలుస్తున్నడు, జల్ది రండి."

"రెండు నిమిషాలు వెంకటేశం."

"రెండంటే రెండే మేడం. సార్ మంచి ఖుషీగ ఉన్నడు ఇయ్యాల."

అతని అడుగుల చప్పుడు పోగానే ఫోన్ మోగింది. అక్క. ఎత్తాలా వద్దా అనుకుంటూనే ఎత్తాను.

"భార్గవీ, లోపలికి వెళ్ళిపోయావా?"

"ఇంకా లేదు."

"అమ్మయ్య. విను, ఆ కొత్త ఫిల్మ్ బయటికి తియ్యకు. తగ్గలేదని అక్కడెవరికీ తెలియదు. నీ పాత స్లైడ్లే చూపించు. ఆ మేడం అడిగితే కణాలు సరిగ్గా పెరగలేదు, చేస్తున్నాను అని చెప్పు. అర్థమైందా?"

నేనప్పటికి ఫిల్మ్ కడిగానని కూడా ఆమెకు చెప్పలేదు.

"తగ్గలేదని నీకెవరు చెప్పినారక్కా?"

"అదీ... అది కాదే" అని నసిగింది అక్క.

"ఎప్పుడు చేసి చూస్తివి నువ్వు?"

"రెండేళ్ళయింది" అంది. "మన పేపర్ పంపే ముందు. నీ శాంపిల్సే. తగ్గలేదు. ఆ ట్యూబు నీ చేతికిస్తే ఆ పనిలో పడి సార్ దగ్గరికి వెళ్ళవనుకున్నాను, అందుకే శనివారం చెప్పలేదు."

ఆ పేపర్లో మొదటి పేరు నాది. రెండోది ఆమెది. ఆఖరున సార్ పేరు. తెలిసి తెలిసి నా పేరు ముందు పెట్టి పంపనిచ్చింది.

"అంటే నువ్వొక్కదానివే చేసి, చూసి, దాచిపెడితివా?"

"నేనొక్కదాన్నే కాదే." అక్క ఏడుస్తోంది. "నాకెందుకు చెయ్యాలనిపిస్తుంది చెప్పు? పేపర్ పంపే ముందు సార్‌కే అనుమానమొచ్చి పాత లాట్‌తో చెయ్యమన్నారు. ఫిల్మ్ ఆయనకే ఇచ్చాను. ఇది మన ముగ్గురి బతుకు, నోరు మెదపకు అన్నారు. ముగ్గురని అన్నారు, నీకు మాత్రం చెప్పొద్దన్నారు."

సార్. నాన్న చెయ్యి విరిగితే ఆసుపత్రికి వచ్చి, మీ అమ్మాయి నా కూతురి లాంటిదండీ అన్న మనిషి. ఈ సంగతి తెలిస్తే ఆయన గుండె ఆగిపోతుందేమోనని రెండు రోజులుగా నేను భయపడి చస్తున్నాను. ఆయన కోసం!

ఫోన్ ఆపి జేబులో పెట్టుకున్నాను. ఫిల్మ్ తీసి దులిపితే నీళ్ళు చెప్పుల మీద పడ్డాయి. డార్క్‌రూమ్ తలుపు తీసేసరికి వరండాలో కొండలరావు సార్ ఎదురయ్యారు. ఇస్త్రీ చొక్కా, మొహం నిండా నవ్వు.

"ఏమ్మా భార్గవీ, పెళ్ళికూతుర్ని పిలిచినట్టు పిలవాలా నిన్ను? అందరూ నీకోసమే చూస్తున్నారు, రా." నా చేతి వైపు చూశారు. "ఏంటమ్మా అది? కొత్త ఫిల్మా?"

సెమినార్ హాలు తలుపు తెరిచే ఉంది. ముందు వరసలో బయటి మేడం పెన్ను మూత తీసి నోట్‌బుక్ తెరుచుకుంటోంది. మేం మాట్లాడుకునేది ఆమెకు వినిపిస్తుంది.

"కొత్తదేం కాదు సార్," అన్నాను, గొంతు తగ్గించకుండా. "రెండేళ్ళ కింద మీరు చూసిందే."